మలేషియాలో కారు ప్రయాణం: ఇప్పటిదాకా అయిన పనులు

వేసవి సెలవుల్లో రాజోలు నుంచి మలేషియా వెళ్తున్నాం. అక్కడ కారు అద్దెకు తీసుకుని మేమే నడుపుకుంటాం. మనలాగే ఎడమవైపు డ్రైవింగ్. 2026 చివరిదాకా మన పాస్‌పోర్టుకు 30 రోజుల వరకు వీసా అక్కర్లేదు. విశాఖ నుంచి కౌలాలంపూర్‌కి నేరుగా విమానం 2024లోనే మొదలైంది. సంక్రాంతికే వెళ్దామంటే మా నాన్నగారు మాట పూర్తి కానివ్వలేదు. కోడిపందేల వేళ ఊళ్లో లేనివాణ్ణి మావైపు మనిషిగా లెక్కేయరు లెండి.

పిల్లల పాస్‌పోర్టులు వచ్చేశాయి. చించినాడ వంతెన దాటి పాలకొల్లు మీదుగా భీమవరం సేవా కేంద్రానికి వెళ్లాం. తల్లీతండ్రీ ఇద్దరూ సంతకం పెట్టిన అనెక్సర్ డి అనే అంగీకార పత్రం పట్టుకెళ్తే పని తేలిక. పదిహేనేళ్లలోపు పిల్లలకి గడువు ఐదేళ్లే.

ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్‌కి పరివాహన్ సైట్‌లో దరఖాస్తు పెట్టాలి. ఫీజు 1,000 రూపాయలు. ఏడాదే చెల్లుతుంది కాబట్టి టికెట్లు చేతికొచ్చాకే తీసుకుంటాను.

అసలు టెన్షన్ ఘాట్ రోడ్డు గురించి. మా పిల్లలు చూసిన ఎత్తంటే ఏటిగట్టే. మలేషియాలోని కొండప్రాంతం కామెరాన్ హైలాండ్స్‌కి తాపా ఊరి నుంచి ఎక్కే పాత రోడ్డేమో అన్నీ మలుపులే. అందుకే ముందు మారేడుమిల్లి తీసుకెళ్లి చూశాను. రాజమండ్రిలో చిన్నోడు పూరీలు లాగించాడు, కారెక్కి ఫోన్ పట్టుకున్నాడు. రంపచోడవరం దాటాక ఉన్నట్టుండి మాటల్లేవు, పెదాలు తెల్లబడ్డాయి. కవరు తీసేలోపే మా ఆవిడ చీరకొంగు పోయింది. తిరిగొచ్చేటప్పుడు రెండిడ్లీలే పెట్టి, డాక్టర్ చెప్పిన మందు ముందే వేసి, ఫోన్ లాక్కుని, ఎదురుగా రోడ్డు కనిపించేలా మధ్య సీట్లో కూర్చోబెట్టాం. నోట్లో ఉసిరికాయ ముక్క. ఇంటిదాకా హుషారుగా వచ్చాడు. మందు పనిచేసిందో, ఫోన్ లేకపోవడం పనిచేసిందో గానీ మలేషియాలోనూ ఇదే పద్ధతి. పైగా తాపా రోడ్డు మానేసి, కాస్త చుట్టయినా వెడల్పుగా ఉండే సింపాంగ్ పులై వైపు నుంచి ఎక్కుతాం.

ఆ దెబ్బతో రూటే మారిపోయింది. కిలోమీటర్లు చూడ్డం మానేసి రోజుకి మూడు గంటలకు మించి కారులో ఉండకూడదని పెట్టుకున్నాం. జాబితాలోంచి పెనాంగ్ కొట్టేశాను. ఇప్పుడు కౌలాలంపూర్, బగాన్ దాతో, ఈపో, కామెరాన్, అంతే. బగాన్ దాతో ఎందుకంటే అది కొబ్బరితోటల ప్రాంతం. బ్రిటిష్ కాలంలో తోటల్లో పనికి వెళ్లిన తెలుగువాళ్ల కుటుంబాలు ఆ చుట్టుపక్కల ఇప్పటికీ ఉన్నాయి. “కొబ్బరిచెట్లు చూడ్డానికి రాజోలు నుంచి విమానం ఎక్కాలా?” అంది మా ఆవిడ. అయినా ఆ ఊరు మాత్రం వదలను.

డబ్బు సంగతులు కొన్ని. ఎక్స్‌ప్రెస్‌వేల మీద టోల్‌కి నోట్లు తీసుకోరు, టచ్ ఎన్ గో అనే ప్రీపెయిడ్ కార్డు ఉండాలి. ఎక్కేచోట ఒకసారి, దిగేచోట ఒకసారి తాకించడమే. పెట్రోలు సబ్సిడీ ధర వాళ్ల పౌరులకే, మనం పూర్తి ధర కట్టాలి. కారు డిపాజిట్ క్రెడిట్ కార్డు మీద బ్లాక్ చేస్తారు కాబట్టి లిమిట్ ముందే చూసుకోవాలి.

చైల్డ్ సీటు అక్కడ 2020 నుంచి తప్పనిసరి. అద్దెకిస్తారు గానీ రోజు లెక్కన బాగానే పడుతుంది. పిల్లల్ని కాస్త ఎత్తుగా కూర్చోబెట్టే బూస్టర్ సీట్లు రెండు ఇక్కడే కొని, ఇప్పటినుంచే వాటిలో కూర్చోబెట్టి అమలాపురం తిప్పుతున్నాను. “నేనేమైనా పాపాయినా?” అని పెద్దది అలిగింది. దాన్ని ఒప్పించే బాధ్యత వాళ్లమ్మది.

కారు ఇంకా తేలలేదు. ఆటోమేటిక్ సెడాన్ చాలనుకున్నాం. ఈలోగా మా అమ్మ తనూ వస్తానంది. రెండు బూస్టర్ల మధ్య మూడో మనిషి ఇమడదు, ఏడు సీట్ల బండే చూడాలి. అందులో వెనక వరుస మడిస్తే పెట్టెలు పడతాయో లేదో అద్దె సంస్థలకి మెయిల్ పెట్టాను. అమ్మ పాస్‌పోర్టుకి స్లాట్ కూడా ఈ వారమే బుక్ చేయాలి.