ఫ్లో కెమిస్ట్రీ, హాస్పిటల్ ఫార్మసీ: పీహెచ్‌డీ ఇంటర్వ్యూలకి మేం చదివిన తీరు

ఫార్మసీ, కెమిస్ట్రీ వైపు నుంచి పీహెచ్‌డీ ప్రవేశాలకి తయారవుతున్న వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నేను ఫార్మ్‌డీ చేసి ఫార్మసీ ప్రాక్టీస్‌లో, అంటే హాస్పిటల్లో మందుల వాడకం మీద, రిసర్చ్‌కి చదివాను. ఎస్సార్ నగర్ హాస్టల్లో నా రూమ్మేట్ ఎమ్మెస్సీ ఆర్గానిక్ చేసింది. ఒక బల్క్ డ్రగ్ కంపెనీలో కొన్నాళ్లు పనిచేశాక ఫ్లో కెమిస్ట్రీలో, అంటే ట్యూబ్‌లో నడిపిస్తూ రియాక్షన్లు చేసే పద్ధతిలో, పీహెచ్‌డీ చేయాలని పుస్తకాలు ముందేసుకుంది. మొదట్లో ఎవరి చదువు వాళ్లదే. ఒక రాత్రి తను రెసిడెన్స్ టైమ్ (ద్రవం ట్యూబ్ లోపల ఉండే సమయం) లెక్క చేస్తుంటే పక్కన కూర్చుని చూశాను. అచ్చంగా అదే లెక్క నా ఫార్మకోకైనటిక్స్ (శరీరంలో మందు నడక) నోట్సులో ఉంది. ఆ రోజు నుంచి ఇద్దరం కలిసి చదివాం, ఇద్దరికీ సీటు వచ్చింది.

ఏ పుస్తకాలు చదవాలో చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి ఆ జాబితా ఇవ్వడం లేదు. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ప్రశ్న ఏదైనా సరే, దేన్ని దేనితో భాగిస్తున్నారో, ఏ యూనిట్లలో భాగిస్తున్నారో ముందు పట్టుకోండి. రిసర్చ్ ఇంటర్వ్యూల్లో ప్యానెల్ వాళ్లు తవ్వేది అక్కడే.

ముందు ఫ్లో సంగతి. బ్యాచ్‌లో అన్నీ ఒకే పాత్రలో వేసి కలుపుతాం, ఫ్లోలో రియాజెంట్లని పంపులతో సన్నటి ట్యూబ్‌లోకి తోస్తాం. లోపల నడుస్తూ ఉండగానే రియాక్షన్ అయిపోతుంది. ఆ ట్యూబ్ చుట్టని కాయిల్ అంటారు. కాయిల్ వాల్యూమ్‌ని మొత్తం ఫ్లో రేటుతో భాగిస్తే రెసిడెన్స్ టైమ్. కాయిల్ 10 మిల్లీలీటర్లు, రెండు పంపులు ఒక్కోటి నిమిషానికి 0.5 మిల్లీలీటర్ అనుకోండి. మొత్తం ఫ్లో 1 మిల్లీలీటర్, కాబట్టి 10 నిమిషాలు. ఒక్క పంపునే లెక్కలోకి తీసుకుంటే 20 వస్తుంది, ఆప్షన్లలో 20 కూడా పెడతారు. మా రూమ్మేట్ ఇక్కడితో ఆగలేదు. ట్యూబ్ లోపలి వ్యాసం 1 మిల్లీమీటర్ అయితే ఈ 10 మిల్లీలీటర్లకి ఎంత పొడవు కావాలో వేసింది. దాదాపు 12.7 మీటర్లు! నీళ్లలాంటి ద్రవానికి రేనాల్డ్స్ నంబర్ (ప్రవాహంలో సుడులు ఉంటాయో లేదో చెప్పే అంకె) వేస్తే 21 దగ్గర వచ్చింది. అంటే పూర్తిగా లామినార్ ఫ్లో, సుడులు లేకుండా పొరలు పొరలుగా. లామినార్‌లో ట్యూబ్ మధ్యలో ఉన్న ద్రవం సగటు వేగానికి రెట్టింపు వేగంతో పోతుంది. డిఫ్యూజన్‌ని పక్కన పెడితే కొన్ని అణువులు 5 నిమిషాలకే బయటికి వచ్చేస్తాయి, గోడల దగ్గరివి చాలా ఆలస్యంగా వస్తాయి. కాబట్టి "10 నిమిషాలు" అనేది సగటు మాత్రమే. ఈ ఒక్క లెక్క చేతిలో ఉంటే మిక్సర్ ఎందుకు, డిస్పర్షన్ అంటే ఏమిటి, శాంపిల్ ఎప్పుడు తీయాలి అన్న ప్రశ్నలన్నిటికీ దారి దొరుకుతుంది. ఫ్లో మొదలుపెట్టగానే వచ్చిన చుక్కలు పట్టి యీల్డ్ చెబితే అది యీల్డ్ కాదు. కాయిల్ వాల్యూమ్‌కి రెండు మూడు రెట్లు బయటికి వదిలేసి, స్థిరపడ్డాకే పట్టాలి.

ఇప్పుడు నా వైపు. మందు ఐవీ బోలస్‌గా (నరంలోకి ఒకేసారి) ఇచ్చినప్పుడు డిస్ట్రిబ్యూషన్ వాల్యూమ్‌ని (మందు పరుచుకున్నట్టు లెక్కగట్టే వాల్యూమ్) క్లియరెన్స్‌తో (గంటకి మందు తొలగిపోయే వాల్యూమ్) భాగిస్తే మీన్ రెసిడెన్స్ టైమ్. 42 లీటర్లని గంటకి 6 లీటర్లతో భాగిస్తే 7 గంటలు. హాఫ్ లైఫ్ (మందు సగానికి తగ్గే సమయం) కావాలంటే 0.693తో గుణించండి, 4.85 గంటలు. ఫార్ములా అదే, మనిషి మాత్రం ట్యూబ్ కాదు. వన్ కంపార్ట్‌మెంట్ మోడల్లో శరీరం కలియబెడుతున్న ట్యాంకు కిందే లెక్క. 7 గంటలకి మందు మొత్తం వెళ్లిపోదు, ఇంకా 37 శాతం ఉంటుంది. ఆదర్శమైన ట్యూబ్‌లో అయితే ఏమీ మిగలదు. ఈ తేడాని బోర్డు మీద రెండు గీతల్లో గీసి చూపగలిగితే ఏ ప్యానెల్ అయినా మీ మాట వింటుంది.

శాంపిల్ సంగతీ అంతే. వాంకోమైసిన్ అనే యాంటీబయాటిక్ లెవెల్ చూడాలంటే స్టెడీ స్టేట్ (రక్తంలో మందు లెవెల్ స్థిరపడటం) రావాలని, పాత పద్ధతిలో నాలుగో డోస్‌కి ముందు ట్రఫ్ (డోసుల మధ్య అతి తక్కువ లెవెల్) తీసేవాళ్లు. 2020లో వచ్చిన అమెరికా గైడ్‌లైన్ తీవ్రమైన ఎమ్ఆర్‌ఎస్ఏ (మామూలు యాంటీబయాటిక్స్‌కి లొంగని బ్యాక్టీరియా) ఇన్ఫెక్షన్లకి ట్రఫ్ వదిలేసి 24 గంటల ఏయూసీని (రక్తంలో మందు గ్రాఫ్ కింది వైశాల్యం) ఎమ్‌ఐసీతో (బ్యాక్టీరియాని ఆపే కనీస మోతాదు) భాగించమంది, 400 నుంచి 600 మధ్య ఉండాలంది. స్టెడీ స్టేట్ రాకముందే కూడా లెవెల్స్‌తో ఏయూసీ లెక్కగట్టొచ్చు. కానీ డోస్ ఎప్పుడు ఎక్కించారో, రక్తం ఎప్పుడు తీశారో నిమిషాలతో సహా తెలియాలి. వార్డులో కేస్ షీట్ తెరిచి చూడండి. డ్రగ్ చార్ట్‌లో 8, 2, 8 అని ముందే రాసి ఉంటుంది, పక్కన టిక్కు ఉంటుంది. సిస్టర్ నిజంగా ఎన్నింటికి డ్రిప్ మొదలుపెట్టిందో, ఎన్నింటికి అయిపోయిందో ఆ టిక్కు చెప్పదు. ఒక్క వార్డులో ఇరవై ముప్పై మంది పేషెంట్లని చూస్తున్న సిస్టర్‌ని ఇందులో తప్పుపట్టడానికి ఏమీ లేదు. ఆ గడి అలా తయారుచేసి పెట్టారు. నా రిసర్చ్ ప్రపోజల్ పుట్టింది ఇక్కడే. లెవెల్ రిపోర్టుల్లో ఎన్నింటికి అసలు సమయం నమోదైంది, నమోదు చేయిస్తే డోస్ నిర్ణయాలు మారతాయా అన్నదే నా ప్రశ్న. ఇంటర్వ్యూలో ఎక్కువ సేపు దీని మీదే నడిచింది.

అదే మందుతో ఇంకో లెక్క. 1 గ్రాము 250 మిల్లీలీటర్లలో కలిపి గంటలో ఎక్కించాలి, డ్రిప్ సెట్ మిల్లీలీటర్‌కి 20 చుక్కలు. నిమిషానికి 83 చుక్కలు వస్తాయి. గంట కన్నా త్వరగా పోతే ముఖం, మెడ ఎర్రబడి దురద రావచ్చు, దాన్ని అలర్జీ అని రాసేస్తే ఆ పేషెంట్‌కి ఆ మందు శాశ్వతంగా దూరమవుతుంది. చిన్న లెక్కే, కానీ హాస్పిటల్ ఫార్మసిస్ట్ పని ఎందుకు ముఖ్యమో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు.

ఫార్మసీ ప్రాక్టీస్ వాళ్లకి ప్రపోజల్ విషయంలో గట్టిగా ఒక మాట. "ఫలానా వార్డులో ప్రిస్క్రైబింగ్ ప్యాటర్న్" అని ఆరు నెలల అబ్జర్వేషనల్ స్టడీ పట్టుకెళ్తే ప్యానెల్ మొదటి నిమిషంలోనే "డినామినేటర్ ఏమిటి?" అని, అంటే దేనితో భాగిస్తున్నారని అడుగుతుంది. యాంటీబయాటిక్ వాడకం అంటే డీడీడీలు (పెద్దవాళ్లకి రోజు డోస్‌గా నిర్ణయించిన ప్రామాణిక కొలత), 100 బెడ్ డేస్‌కి (పేషెంట్లతో నిండిన పడకలు, రోజులు గుణిస్తే వచ్చేది). సెఫ్‌ట్రయాక్సోన్ ఇంజెక్షన్ డీడీడీ 2 గ్రాములు. నెలకి 300 గ్రాములు ఖర్చయితే 150 డీడీడీలు. 30 పడకలు, 30 రోజులు, 80 శాతం నిండి ఉంటే 720 బెడ్ డేస్. జవాబు 20.8. దీని వెనకే "పిల్లల వార్డులో ఇదే కొలత వాడతారా?" అని వస్తుంది. వాడకూడదు, డీడీడీ పెద్దవాళ్ల డోస్ మీద కట్టినది. మెడికేషన్ ఎర్రర్లకి డినామినేటర్ ఇచ్చిన డోసులే కాదు, ఇవ్వాల్సి ఉండి ఇవ్వని డోసులు కూడా. స్వచ్ఛందంగా రిపోర్టు చేసిన ఎర్రర్లని లెక్కపెట్టి "మా హాస్పిటల్లో ఎర్రర్లు తక్కువ" అంటే రిపోర్టింగ్ తక్కువని మాత్రమే తేలుతుంది.

ఒక హాని మందు వల్లే వచ్చిందా అని తేల్చే నారంజో స్కేల్ అందరూ బట్టీ పడతారు. పది ప్రశ్నలు, 9 లేదా పైన అయితే డెఫినిట్, 5 నుంచి 8 ప్రాబబుల్, 1 నుంచి 4 పాసిబుల్, 0 లేదా అంతకన్నా తక్కువైతే డౌట్‌ఫుల్. నన్ను అవి అడగలేదు. "మన హాస్పిటళ్లలో డెఫినిట్ ఎందుకు అరుదు?" అని అడిగారు. పది ప్రశ్నల్నీ వార్డులో నిలబడి ఊహించుకుంటే జవాబు దొరుకుతుంది. హాని చేసిందని అనుమానం ఉన్న మందుని మళ్లీ ఇచ్చి చూడం, ప్లాసిబో ఇవ్వం, బ్లడ్ లెవెల్స్ చాలా మందులకి చేయరు. ఆ మార్కులన్నీ పోయాక ప్రాబబుల్ దగ్గరే ఆగిపోతుంది. మందుల దుష్ప్రభావాల్ని కనిపెట్టుకునే మన ఫార్మకోవిజిలెన్స్ ప్రోగ్రామ్ 2010లో మొదలైందని, ఇప్పుడు ఘాజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ నడుపుతోందని చెప్పడం తేలిక. ఒక ఏడీఆర్ (మందు వల్ల వచ్చిన హాని) ఫారం తీసుకుని మీ చేత్తో పూర్తిగా నింపండి. పేషెంట్, రియాక్షన్, అనుమానిత మందు, రిపోర్టర్, ఈ నాలుగిట్లో ఏది లేకపోయినా ఆ రిపోర్టు ఎందుకు పనికిరాదో అప్పుడు తెలుస్తుంది.

ఫ్లో వైపు వెళ్లేవాళ్లకి మా రూమ్మేట్ దగ్గర నేర్చుకున్నవి. "ఫ్లో ఎందుకు?" అంటే గ్రీన్, సేఫ్, ఫాస్ట్ అని మూడు మాటలు అనకండి. 1 మిల్లీమీటర్ ట్యూబ్‌కి ఒక క్యూబిక్ మీటర్ వాల్యూమ్‌కి 4000 చదరపు మీటర్ల గోడ ఉంటుంది, 1 మీటర్ వ్యాసం ఉన్న రియాక్టర్‌కి పక్కగోడ 4 మాత్రమే. వెయ్యి రెట్ల తేడా. నైట్రేషన్ లాంటి రియాక్షన్లలో పుట్టిన వేడి అంత త్వరగా బయటికి పోతుంది, పైగా ఏ క్షణంలోనైనా లోపల ఉండే సరుకు కొన్ని మిల్లీలీటర్లే. మన జీడిమెట్ల, పాశమైలారం, పరవాడ వైపు రియాక్టర్ ప్రమాదాల వార్తలు చదివిన ఎవరికైనా ఈ అంకె బరువు వేరే చెప్పక్కర్లేదు. తను ఈ రిసర్చ్‌లోకి వెళ్లాలనుకోవడానికి అదే అసలు కారణం, ఇంటర్వ్యూలో కూడా అదే చెప్పింది.

దానితో పాటు "ఫ్లో ఎప్పుడు వద్దు?" అన్నదీ సిద్ధం చేసుకోవాలి. టీహెచ్‌ఎఫ్ అనే సాల్వెంట్‌లో యాసిడ్ క్లోరైడ్‌ని ఒక ఆల్కహాల్‌తో చేయించడానికి ట్రైఇథైల్‌అమీన్ అనే బేస్‌తో పంపితే హైడ్రోక్లోరైడ్ ఉప్పు తెల్లగా దిగుతుంది, ట్యూబ్ మూసుకుపోతుంది, పంపు ప్రెషర్ ఎగబాకుతుంది. సాల్వెంట్ మార్చాలి, లేదా కరిగే ఉప్పునిచ్చే బేస్ వెతకాలి. ఇరవై గంటలు పట్టే రియాక్షన్‌ని అదే ఉష్ణోగ్రతలో ఫ్లోలో పెట్టి లాభం లేదు. వేడి, ప్రెషర్ పెంచి నిమిషాల్లోకి తేగలిగితేనే అర్థముంది, బ్యాక్ ప్రెషర్ రెగ్యులేటర్ ఉండేది అందుకే. క్యోటోలో కెమిస్ట్ యొషిదా చేసిన ఆర్గానోలిథియం పనులు, 2012లో పోట్స్‌డామ్ నుంచి జీబెర్గర్ గ్రూపు చూపించిన ఆర్టెమిసినిన్ (మలేరియా మందు) ఫొటోకెమిస్ట్రీ, ఈ రెండూ లోతుగా చదివితే చాలు. ఒకదానిలో మిల్లీసెకన్లలో క్వెంచ్ చేయగలగడం (రియాక్షన్‌ని ఆపడం), రెండోదానిలో సన్నటి ట్యూబ్ అంతా వెలుతురు అందడం అసలు సంగతి. ఇంకో చిక్కు ప్రశ్న ఉంది. 2015లో ఓర్కాంబి, 2016లో ప్రెజిస్టా అనే మందులు కంటిన్యువస్ (ఆపకుండా నడిచే) తయారీతో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి పొందాయి కదా, అవి ఫ్లో కెమిస్ట్రీయేనా అని. కాదు, అక్కడ కంటిన్యువస్‌గా చేసింది టాబ్లెట్లు. కంటిన్యువస్ తయారీ మీద 2022 నాటి అంతర్జాతీయ గైడ్‌లైన్ ఐసీహెచ్ క్యూ13 మాత్రం డ్రగ్ సబ్‌స్టెన్స్ (అసలు మందు పదార్థం), డ్రగ్ ప్రొడక్ట్ (టాబ్లెట్ లాంటి తయారైన మందు) రెండింటికీ వర్తిస్తుంది.

రాత పరీక్ష గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. ఫార్మసీ పీజీ ప్రవేశాల పరీక్ష జీప్యాట్‌లో 125 ప్రశ్నలు, 500 మార్కులు, తప్పుకి ఒక మార్కు పోతుంది. పీహెచ్‌డీ ప్యాటర్న్ ఒక్కో సంస్థకి ఒక్కోలా ఉంటుంది, ఆ ఏడాది నోటిఫికేషనే నమ్మండి. లెక్కల ప్రశ్నలు వదిలేసే అలవాటుంటే మానుకోండి. యూనిట్లు సరిగ్గా పట్టుకుంటే అనుమానం లేకుండా వచ్చే మార్కులు అవే.

ఇంటర్వ్యూకి మేం చేసిన సాధన ఇది. రోజూ రాత్రి భోజనాలయ్యాక తన సబ్జెక్టులో నేను ప్యానెల్, నా సబ్జెక్టులో తను ప్యానెల్. ముందు తెలుగులో చెప్పుకునేవాళ్లం, అర్థమైందని తేలాక ఇంగ్లీషులో. సబ్జెక్టు తెలియనివాళ్లు అడిగే "ఎందుకు?" చాలా మొండిగా ఉంటుంది, అదే పనికొస్తుంది. "క్రియాటినిన్ 1.5 అంటే కొంచెమే ఎక్కువ కదా, ఏం మునిగిపోతుంది?" అని తను ఒకసారి అడిగింది. 72 ఏళ్ల, 45 కిలోల ఆవిడకి కిడ్నీ పనితీరు లెక్కగట్టే కాక్‌క్రాఫ్ట్ గాల్ట్ ఫార్ములాలో వేసి చూపించాను, నిమిషానికి 24 మిల్లీలీటర్లు. 30 కన్నా తక్కువ కాబట్టి రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే ఎనాక్సపారిన్ చికిత్స డోస్ రోజుకి రెండుసార్లు కాదు, ఒకసారే. తను కాసేపు ఆ కాగితం చూసి, "అయితే వాల్యూమ్ అదే, ఫ్లో రేటు తగ్గింది. ఆమెలో మందు రెసిడెన్స్ టైమ్ పెరిగిపోయింది, అంతేగా?" అంది. అంతే. తర్వాత ఇంటర్వ్యూలో ఆ కేసుని నేను దాదాపు అదే మాటల్లో చెప్పాను.