చివరి వరుసకు వినపడాలి

అనంతపురం, గురువారం రాత్రి

పాత హాలు కార్యక్రమాల పోస్టర్లు ఈ రోజుతో ఊరంతా వెలిశాయి. సప్తగిరి సర్కిల్ దగ్గర ఒకటి, టవర్ క్లాక్ పక్క సందులో ఒకటి చూశాను. ఈ శనివారం సాయంత్రం పాత సినిమా పాటల సంగీత విభావరి, ఆదివారం హార్మోనియంతో పద్యనాటక ఘట్టాలు, పై శనివారం హాస్యవల్లరి. అందులో మిమిక్రీ, ఒక హాస్యనాటిక, చివర్లో బెంగళూరులో ఉద్యోగాలు చేసుకుంటున్న మన ఊరి పిల్లల స్టాండప్ కామెడీ. మూడు సాయంత్రాలకూ సౌండు మాదే.

మైక్ సెట్ వాళ్ళకు ఏ ప్రోగ్రామైనా ఒకటే అనుకుంటారు చాలామంది. కాదు. పెళ్ళిలో సౌండు ఎట్లా ఉన్నా అడిగేవాడు ఉండడు, భోజనాల దగ్గర ఎవరి గోల వాళ్ళది. పార్టీ మీటింగులో ఎంత గట్టిగా మోగితే అంత గొప్ప. ఈ హాలుకు మాత్రం జనం వినడానికే వస్తారు. టికెట్ కొనుక్కునో, తెలిసినవాళ్ళను పాసు అడిగో, ఇంట్లో వంట ముందే ముగించుకునో వచ్చి రెండు మూడు గంటలు కదలకుండా కూర్చుంటారు. వాళ్ళకు ప్రతి మాటా చెవిన పడాలి. నా పనిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే, టెన్షన్ కూడా దీనికే ఎక్కువ.

మధ్యాహ్నం అన్నం తిన్న వెంటనే షాపులో పిల్లాడిని వెంటబెట్టుకుని హాలుకు పోయాను. మైకులు రాకముందు నాటకాల కోసం కట్టిన హాలు అది. ఎత్తైన పైకప్పు, రెండు పక్కలా నిలువు కిటికీలు, చెక్క స్టేజీ. ఆ చెక్క కింద అంతా డొల్ల. పైన ఎవరైనా నాలుగడుగులు వేస్తే ఆ చప్పుడంతా స్టాండు గుండా మైకులోకి పాకి, స్పీకర్లలో ఢమ్ ఢమ్మని మోగుతుంది. అందుకే మేము ప్రతి స్టాండు కిందా గోనెపట్టా నాలుగు మడతలు వేసి పెడతాం. రబ్బరు షీట్లు కూడా వేసి చూశాం కానీ గోనెపట్టా పని గోనెపట్టాదే.

ఈ ప్రాంతంలో నాటకం అంటే మామూలు సంగతి కాదు. పేరుమోసిన నాటక నటుడు బళ్ళారి రాఘవ పుట్టింది మన తాడిపత్రిలో, 1880లో. అప్పటికి అనంతపురం జిల్లా అన్నదే లేదు, ఇదంతా బళ్ళారి జిల్లా కిందే ఉండేది, 1882లో వేరు చేశారు. ఆయన మేనమామ ధర్మవరం రామకృష్ణమాచార్యులు బళ్ళారిలో సరస వినోదిని సభ పెట్టి, తెలుగు నాటకంలోకి పాటను తెచ్చి, ఆంధ్ర నాటక పితామహుడు అనిపించుకున్నారు. మేనల్లుడు రాఘవ దారి వేరు. వృత్తికి వకీలు, స్టేజీ ఎక్కితే రాగం సాగదీయడం కన్నా మాటకు, ముఖంలో పలికే భావానికి పెద్దపీట వేసినవాడు. ఆడ వేషాలు ఆడవాళ్ళే వెయ్యాలని పట్టుబట్టినవాడు. ఒకే ఇంట్లో ఒకరిది పాట, ఇంకొకరిది మాట. స్టేజీ మీద మైకులు సర్దుతున్నప్పుడల్లా నాకు ఈ మామా అల్లుళ్ళు గుర్తొస్తారు, ఎందుకంటే నా తలనొప్పి కూడా సరిగ్గా అక్కడే ఉంటుంది. పాట ఎట్లాగో చివరి వరుస దాకా పోతుంది. గొంతు సాగుతుంది, రాగం పట్టుకుని వినేవాడు ఒక అక్షరం జారిపోయినా పాటలోనే ఉంటాడు. మాటకు ఆ సాయం లేదు. ఒక్క మాట పోతే వాక్యం పోయినట్టే.

మా నాయన కాలంలో పల్లెల్లో నాటకం రాత్రి భోజనాలయ్యాక మొదలై కోడి కూసేదాకా నడిచేది. ఆయన పెట్రోమాక్స్ లైట్లు అద్దెకిచ్చేవాడు, మైకులు తర్వాత వచ్చినాయి. ఇప్పుడు 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి పొద్దున 6 వరకు బయట లౌడ్‌స్పీకర్లు పెట్టకూడదు. ఆడిటోరియంల లాంటి మూసిన చోట్లకు మాత్రం మినహాయింపు ఉంది. మంచి నియమమే, దాన్ని నేను తప్పుపట్టను. పసిపిల్లలు, జబ్బుతో ఉన్నవాళ్ళు నిద్రపోవాలి. అయితే ఆరుబయట తెల్లవార్లూ ఆడే నాటకానికి చోటు తగ్గినప్పుడు ఇట్లాంటి హాళ్ళ విలువ ఎంత పెరిగిందో ఊళ్ళో అందరికీ తెలియాలి. పద్యం మధ్యలో గడియారం చూసుకోకుండా పాడగలిగిన చోటు ఇది.

మూడు గంటలకు హార్మోనియం మాస్టరు వచ్చారు. ఆదివారం ఆయనే వాయిస్తున్నారు. డెబ్భై దాటిన మనిషి, పెట్టెను ఇంకొకరి చేతికి ఇవ్వరు, ఆటోలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చారు. నేను మైకు పెట్టెకు ముందు పెట్టబోతే ఆపారు.

"ఆడ వద్దప్పా. తిత్తి గాలి వినపడతాది. ఈ పక్క పెట్టు, రీడ్ల తట్టు."

నిజమే. తిత్తి పాతది, తోలు మడతల దగ్గర సన్నగా బుస్సుమంటుంది. ఎదురుగా కూర్చుంటే తెలియదు, మైకు మాత్రం దాన్ని పట్టేస్తుంది. ఎడమ చెయ్యి తిత్తి మీద ఆడుతుంటే కుడి చెయ్యి మెట్ల మీద. రెండింటి మధ్య జానెడు చోటు చూసి, మైకు తల కొంచెం పైకి ఎత్తి పెట్టాం. ఆయన నాలుగున్నర శ్రుతి పట్టి అట్లాగే నిలిపారు. ఖాళీ హాల్లో ఆ ఒక్క స్వరం కిటికీ చెక్కల దాకా పోయి తిరిగి వచ్చింది. తర్వాత మోహన రాగం కొంచెం వాయించి, సగంలో ఆపి, "నటులకు ఏం మైకు పెడతావు?" అని అడిగారు.

అది అసలైన ప్రశ్న. పద్యనాటకంలో నటుడు మైకు ముందు నిలబడి పాడడు, స్టేజీ అంతా తిరుగుతాడు. పైనుంచి మైకులు వేలాడదీస్తే పద్యం వస్తుంది, పక్కకు తిరిగి చెప్పే మాట రాదు. కాలర్ మైకు పెడదామంటే మెడ నిండా హారాలు, అవి రాసుకుని గరగరమంటాయి. కాబట్టి కిరీటం అంచున, నుదుటి దగ్గర, లోపలి వైపు టేపుతో అంటిస్తాం. వైరు జుట్టులోంచి వీపు మీదకు దించుతాం. చెమటకు టేపు ఊడకుండా ముందు స్పిరిట్‌తో తుడవాలి. కిరీటం లేని పాత్రలకు చెవి వెనకాల. మాస్టరు తల ఊపారు. "పద్యం ఎత్తుకునేటప్పుడు తగ్గియ్యి, మాట చెప్పేటప్పుడు పెంచు. వన్స్‌మోర్ అడిగితే ముందే తెలుస్తాది నీకు, జనం ఊపిరి బట్టి" అన్నారు. ఈ రోజు నేను విన్నవాటిలో రాసుకోదగ్గ మాట ఇదే.

శనివారం విభావరి గురించి నాకు పెద్ద బెంగ లేదు. కీబోర్డు, తబలా, డోలక్, రిథమ్ ప్యాడ్, గిటారు, ఇద్దరు ఆడ గొంతులు, ఇద్దరు మగ గొంతులు. వాళ్ళంతా చెయ్యి తిరిగినవాళ్ళు. తబలాను కీబోర్డు కింద పడేయకుండా చూసుకుంటే సగం పని అయినట్టే. పాత పాటల్లో తబలా నడకే ప్రాణం.

పై శనివారమే గుండెలో దడ. హాస్యం అన్నిటికంటే కష్టం, చేసేవాళ్ళకూ మాకూ. మన వాక్యంలో క్రియ చివర వస్తుంది. నవ్వు పుట్టించే మాట చాలాసార్లు అక్కడే, ఆ చివర్లోనే ఉంటుంది. మనిషికి ఊపిరి అయిపోయేది, గొంతు కిందికి జారేది కూడా అక్కడే. "వాడు పొద్దున్నే లేచి బోరు దగ్గరికి పోయి చూస్తే..." అన్నంతవరకు అందరికీ వినపడుతుంది, ఆ తర్వాత ఏమైందన్నది ముందు అయిదు వరుసలకే అందుతుంది. ముందు నవ్వుతారు, వెనక "ఏమన్నాడు, ఏమన్నాడు" అని పక్కవాళ్ళను అడుగుతారు. అడిగేలోపు తర్వాతి మాట పోతుంది. పోయిన ఏడాది ఒక వార్షికోత్సవంలో చూశాను, వాల్యూమ్ అంతా పెంచి పెట్టినా ఒక్క మాట తెలియలేదు. గట్టిగా ఉండటం వేరు, తేటగా ఉండటం వేరు. లావు శబ్దాన్ని, అంటే బేస్‌ను, కొంచెం కోసేసి, అక్షరాలు విడివిడిగా వినపడే చోట పెంచితే తక్కువ వాల్యూమ్‌లోనే మాట కూర్చుంటుంది.

ఆ స్టాండప్ పిల్లలతో సాయంత్రం వీడియో కాల్‌లో మాట్లాడాను. ముగ్గురూ ఆఫీసు క్యాంటీన్‌లో ఉన్నట్టున్నారు.

"అన్నా, మాకు స్టేజీ మీద మానిటర్ స్పీకర్ గట్టిగా పెట్టాల" అన్నాడు ఒకడు.

"పెడతాను గానీ గట్టిగా వద్దు నాయనా. మీ గొంతు మీకు వినపడటం కాదు, వాళ్ళ నవ్వు మీకు వినపడాల. నవ్వు తగ్గినాకనే ఇంగో మాట ఎత్తండి."

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఇంకొకడు "హాల్లో లైట్లన్నీ ఆర్పేస్తారా అన్నా?" అని అడిగాడు. పూర్తిగా ఆర్పం అన్నాను. మొదటి కొన్ని వరుసల ముఖాలు కనపడేంత వెలుతురు ఉంచమని లైట్ల ఆయనకు ముందే చెప్పి పెట్టాను. చీకట్లోకి చూసి మాట్లాడటం కొత్తవాళ్ళకు కష్టం.

వాళ్ళు ఏం చెప్పబోతున్నారో కొంచెం వినిపించారు. ఇక్కడ రాయను, వచ్చి వినాలి. బోరు పాయింటు చూసే ఆయన కొబ్బరికాయ పట్టుకుని తిరగడం మీద ఉందని మాత్రం చెబుతాను. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ మాత్రమే వాన పడే జిల్లా మనది. అప్పు చేసి బోరు వేసి, దుమ్ము తప్ప ఏమీ రాని పొలం గట్టు మీద నిలబడిన ఇంటి పిల్లలే వాళ్ళు. ఆ కష్టం తెలిసినవాళ్ళు దాని మీద నవ్వించినప్పుడు ఎవరికీ మనసు నొచ్చుకోదు. ఎన్నో ఏళ్ళుగా సినిమాల్లో మన యాస వినపడితే వెనక కత్తులు, బాంబులే. మన యాసలో మన సంగటి గురించి, ఎర్రబస్సు గురించి, పెండ్లిలో ఓళిగల కోసం జరిగే పంచాయితీ గురించి మన హాల్లోనే వినడం నాకు ఎంతో ఇష్టంగా ఉంది. వాళ్ళు ఫోన్ పెట్టేశాక చాలాసేపు సంతోషంగానే ఉన్నాను.

చీకటి పడేముందు చివరి పరీక్ష. పిల్లాడిని స్టేజీ మీద నిలబెట్టి పేపరు చదవమన్నాను, మామూలు గొంతుతో, వాక్యం చివర జారవిడుస్తూ. నేను బాల్కనీ కింద ఆఖరి వరుసలో కూర్చున్నాను. అక్కడ మాట ముద్దగా వస్తుంది. అందుకే మధ్యలో రెండు చిన్న స్పీకర్లు అదనంగా పెట్టాం. కానీ వాటి మాట ముందు చేరి, స్టేజీ మాట వెనక చేరితే ఒకే అక్షరం రెండుసార్లు వినపడుతుంది. శబ్దం గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది, స్టేజీ నుంచి ఆ చిన్న స్పీకర్ల దాకా కొలిచి, అంత మేరకు వాటిని ఆలస్యం చేయాలి. మిక్సర్‌లో ఆ అంకె ఒక్కొక్కటిగా మారుస్తూ పోతే ఒక చోట ఠక్కున మాట స్టేజీ మీద నుంచే వస్తున్నట్టు అయిపోయింది. "సరిపోయింది" అని అరిచాను. వాచ్‌మన్ తాత కూడా తల తిప్పి చూశాడు.

ఇది ఖాళీ హాలు లెక్క. జనం నిండితే వేరు. బట్టలు, ఒళ్ళు శబ్దాన్ని తాగేస్తాయి, ఇప్పుడున్న ప్రతిధ్వని సగానికి సగం పోతుంది, అప్పుడు మళ్ళీ సర్దాలి. దానికి ముందే చేయగలిగింది లేదు. మొదటి పాటలో చేసుకోవాలి.

మిగిలింది ఫ్యాన్లు. పాత సీలింగ్ ఫ్యాన్లు, రెండు మూడు కిరకిరమంటున్నాయి. పాటలప్పుడు కలిసిపోతుంది, కామెడీలో మాట ఆగిన చోటల్లా అదే వినపడుతుంది. ఆపేద్దామంటే ఈ ఉక్కలో జనం కూర్చోలేరు. హాలు మేనేజరు బేరింగులు మార్పిస్తానన్నాడు, మెకానిక్ రేపు పది గంటలకు వస్తాడు. నేనూ అక్కడే ఉంటాను. కార్డ్‌లెస్ మైకులకు కొత్త బ్యాటరీలు ఒక పెట్టె కొనాలి, సగం వాడినవి పెట్టే ప్రసక్తి లేదు. టేపు, స్పిరిట్, ఇంకో రెండు గోనెపట్టాలు కూడా తీసుకోవాలి.

శనివారం సాయంత్రం ఆరున్నరకు మొదలు. వెనక కూర్చునేవాళ్ళు ఎవరైనా ఇది చదివితే ఒక మాట: వినపడకపోతే ఊరకే ఉండొద్దు, చెయ్యి ఎత్తండి. నా మిక్సర్ టేబుల్ ఆఖరి వరుసకు ముందే ఉంటుంది, నేను మీ వైపు చూస్తూనే ఉంటాను.