కళ్ళలో నీళ్ళు కనపడాలట

పడుకుందామంటే నిద్ర రావడం లేదు. సార్ సాయంత్రం వెళ్తూ వెళ్తూ అన్న మాటే బుర్రలో తిరుగుతోంది. మా పిల్లల హాస్టల్‌కి విరాళాలు అడుగుతూ పంపే మార్చి విజ్ఞప్తికి నేను రాసిన ఉత్తరం అంతా చదివి, "బాగుందమ్మా, కానీ ఒక పిల్ల ఫోటో పడాలి, కాస్త కళ్ళలో నీళ్ళు కనపడేలా" అన్నారు. మన హాస్టల్లో అలాంటివి లేవు సార్ అంటే, పాతవి వెతకమన్నారు.

వాట్సాప్ నిండా అవేగా. ముక్కుకి ట్యూబు పెట్టిన పసిపాప, కింద ఎర్ర అక్షరాల్లో "ఈ రాత్రికే ఆఖరి అవకాశం", దాని కింద క్యూఆర్ కోడ్. వారం తర్వాత మళ్ళీ అదే పాప, మళ్ళీ ఆఖరి రాత్రే. అత్తయ్య మొదటిసారి చూసి పొద్దున్న కాఫీ కూడా ముట్టలేదు, ఇప్పుడు తెరవకుండానే డిలీట్ చేసేస్తున్నారు. జనానికి జాలి తగ్గిపోయిందంటే ఒళ్ళు మండుతుంది నాకు, ఉన్న జాలినంతా ఇలా పిండేస్తే ఇంకేం మిగులుతుంది?

ఏడో తరగతిలో మా బడికి ఏదో క్లబ్బు వాళ్ళు నోటు పుస్తకాలు పంచడానికొచ్చారు. నా పక్క బెంచీ పిల్లని స్టేజి మీదికి పిలిచారు. ఒక్క కట్టని నలుగురు పెద్దమనుషులు తలో మూలా పట్టుకుంటే దానికి చెయ్యి పెట్టడానికి చోటు దొరకలేదు. ఫ్లాష్ వెలగలేదని కట్ట వెనక్కి తీసుకుని మళ్ళీ ఇచ్చారు. తల దించుకుంటే ఒకాయన గడ్డం పట్టుకుని కెమెరా వైపు తిప్పాడు. పుస్తకాల మీద క్లబ్బు పేరు పెద్దగా అచ్చేసి ఉండేది. మర్నాడు అన్నిటికీ పాత న్యూస్‌పేపర్ అట్టలు వేసుకొచ్చింది. లెక్కల పుస్తకానికి అట్ట చిరిగితే క్యారేజీలో అన్నం మెతుకులు తీసి అతికించింది, ఆరేదాకా ఇద్దరం రెండు వైపులా అదిమి పట్టుకుని కూర్చున్నాం.

అందుకే మొహాలు వద్దు, లెక్కలు చెబుదాం అని సార్‌తో ఎప్పుడూ వాదన.

కానీ ఇది రాస్తుంటే ఆ వాదన కూడా నిలబడేలా లేదు. స్మాల్, లోవెన్‌స్టైన్, స్లోవిక్ అనే ముగ్గురు 2007లో ఒక అధ్యయనం అచ్చేశారు. చేతిలో 5 డాలర్లున్న వాళ్ళకి మాలి దేశంలోని రోకియా అనే ఏడేళ్ళ పాప గురించి చెబితే సగటున 2.38 డాలర్లు ఇచ్చారు. లక్షల మంది ఆకలి లెక్కలు చెబితే 1.14. రెండూ కలిపి చెప్పినా 1.43 దాటలేదు. అంటే అంకెలకి చెయ్యి జేబులోకి వెళ్ళదు. కొత్త ఆదాయపు పన్ను విధానంలోకి మారినవాళ్ళకి విరాళాల మీద పన్ను మినహాయింపూ లేదు, ఇక ఇచ్చేది మనసుకి తగిలితేనే. ఒక్క మనిషి కనపడాలి అన్నంతవరకూ సార్ మాట నిజమే.

పోయినసారి ఒక పాప కళ్ళజోడు గురించి, పేరూ ఫోటో లేకుండా రాశాం కదా. తెనాలి నుంచి ఒక రిటైర్డ్ టీచరుగారు ఫోన్ చేసి "ఇప్పుడు బోర్డు కనపడుతోందా అమ్మా?" అని అడిగారు. ఎంత హాయిగా అనిపించిందో.

పైగా మన పిల్లల్లో శిశు సంక్షేమ కమిటీ ద్వారా వచ్చినవాళ్ళున్నారు. వాళ్ళెవరో తెలిసేలా ఏదీ బయటపెట్టకూడదని 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ ఉండనే ఉంది. సార్‌కి అదే చూపిస్తే నోరెత్తరు. కానీ నాకు సెక్షన్ చూపించి గెలవాలని లేదు, ఆయనకే వద్దనిపించాలి.

1977 దివిసీమ ఉప్పెనప్పుడు ఎన్టీఆర్, ఏఎన్నార్ జోలె పట్టి వీధుల్లోకొస్తే జనం ఎలా ఇచ్చారో అమ్మ ఇప్పటికీ చెబుతుంది. అక్కడ ముందు నిలబడిన మొహం అడిగేవాళ్ళది. మనమూ అలా ఎందుకు చెయ్యకూడదు? సార్ ఫోటోనే వేద్దాం, పద్దుల పుస్తకం ముందేసుకుని కూర్చున్నది. పక్కన వంట అక్క ఒప్పుకుంటే ఆవిడదీ. రేపు ఆయన టీ తాగే టైముకి ఈ మాట ఎత్తుతాను.