మూడున్నరకు ఎండ ఉండదు

సోలార్ ప్యానెళ్లు అమ్మడానికి మా ఊరు వచ్చేవారు ఎప్పుడూ మధ్యాహ్నమే వస్తారు. గట్టు మీద నిలబడి, నీటి మీద మెరిసే ఎండను చూపించి, ‘ఇదంతా వృథాగా పోతోందండీ’ అంటారు. ఒక్కసారి తెల్లవారుజామున మూడున్నరకు రండి అని వారిని పిలవాలనిపిస్తుంది నాకు.

మాది ఆకివీడు దగ్గర నాలుగెకరాల చెరువు. శీలావతి, బొచ్చె కలిపి పెంచుతాం. నేను ఎలక్ట్రికల్ డిప్లొమా చేసి కొన్నేళ్లు బయట పనిచేశాను. నాన్నకు మోకాళ్ల నొప్పులు ఎక్కువయ్యాక తిరిగి వచ్చేశాను.

కిందటి శ్రావణంలో అల్పపీడనం పట్టి మూడు రోజులు మబ్బు వీడలేదు. మూడో రాత్రి కరెంటు పోయింది. నీటిని చిలికి గాలి కలిపే ఏరియేటర్ల హోరు ఆగగానే నాకు మెలకువ వచ్చింది. అప్పటికే నాన్న గట్టు మీద ఉన్నారు. టార్చి వేస్తే నీటి మీద వందల నోళ్లు, గుండ్రంగా తెరుచుకుంటూ మూసుకుంటూ. చప్పరిస్తున్నట్టు సన్నని శబ్దం చెరువంతా. మీటరు ముంచితే ఆక్సిజన్ లీటరుకు 1.8 మిల్లీగ్రాములు. 5 ఉంటే నిశ్చింత, 3కు దిగితే భయపడాలి. జనరేటరు అందుకునేసరికి ఇరవై నిమిషాలు పట్టింది. తెల్లవారాక రెండు ట్రేల చేప ఏరాం, ఎక్కువ బొచ్చెలే. నాన్న ఆ పూట కాఫీ కూడా తాగలేదు.

చెరువు మీద పడే ఎండ వృథా కాదని ఆ రోజు నాకు పూర్తిగా అర్థమైంది. నీటికి పచ్చదనం ఇచ్చే సన్నని నాచులాంటి ప్లాంక్టన్ పగలంతా ఎండను తాగి ఆక్సిజన్ ఇస్తుంది. రాత్రి అదే ప్లాంక్టన్ చేపలతో పోటీపడి దాన్ని పీల్చుకుంటుంది. అందుకే పొద్దుపొడుపుకు ముందు ఆక్సిజన్ అట్టడుగుకు చేరుతుంది. ప్యానెల్ బతుకూ ఆ ఎండ మీదే. మబ్బు పట్టిన రోజున ప్లాంక్టన్, ప్యానెల్ రెండూ కలిసే పస్తుంటాయి. చెరువుకు కరెంటు ఎక్కువ కావలసింది సరిగ్గా ఆ రాత్రే.

చెరువంతా కప్పేద్దాం అనేవారితో అందుకే నాకు పేచీ. తైవాన్‌లో చేపల చెరువుల మీద ప్యానెళ్లు పెడితే విస్తీర్ణంలో 40 శాతానికి మించి కప్పకూడదు, పాత దిగుబడిలో కనీసం 70 శాతం చేప తీయాలి అని నిబంధన పెట్టారు. నాకు అది నచ్చింది. చేప ముందు, కరెంటు తర్వాత. మన దగ్గర సింహాద్రి జలాశయం మీద 25 మెగావాట్లు, రామగుండంలో 100 మెగావాట్లు తేలుతున్న ఫొటోలు చూపిస్తారు. గొప్ప పనులే. కానీ అవి విద్యుత్ కేంద్రాల జలాశయాలు, మా చెరువు కాదు. చేపలు పట్టే రోజున మా వల ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా నేల రాసుకుంటూ సాగాలి. మధ్యలో స్తంభాలు పాతితే వల చినుగుతుంది, చేప కింద నుంచి జారుకుంటుంది. పంట తీశాక అడుగు బురద ఎత్తే పొక్లెయిన్ ఆ స్తంభాల మధ్య తిరగలేదు.

మేము మేత షెడ్డు పైకప్పు మీద 3 కిలోవాట్లు, ఉత్తరపు గట్టు పక్కన తెప్పల మీద 2 కిలోవాట్లు పెట్టాం. తెప్పలు తాళ్లతో కట్టి ఉంటాయి, వల వేసేనాడు ఓ మూలకు లాగేస్తాం. కిలోవాటుకు రోజుకు సుమారు నాలుగు యూనిట్ల లెక్కన మంచి ఎండ ఉంటే 20 యూనిట్లు వస్తాయి. 2 హెచ్‌పీ ఏరియేటర్ గంటకు యూనిట్టున్నర తింటుంది. అంటే ఒక్కటి 13 గంటలు తిరుగుతుంది, మాకున్నవి నాలుగు. రాయితీ కరెంటు యూనిట్ రూపాయిన్నరకు అందే రైతుకు ఈ పెట్టుబడి తిరిగి రావడానికి చాలా ఏళ్లే పడుతుంది. రాయితీ లేనివారి లెక్క వేరు.

ఇంకో సంగతి రైతులకు ఎవరూ విడమరిచి చెప్పరు. లైనులో కరెంటు పోతే, బ్యాటరీ లేని మామూలు సోలార్ ఇన్వర్టర్ మిట్టమధ్యాహ్నమైనా ఆగిపోతుంది. మన ప్యానెళ్ల కరెంటు లైనులోకి ఎదురెక్కి, స్తంభం మీద పనిచేసే లైన్‌మన్‌కు షాక్ కొట్టకుండా అలా తయారుచేస్తారు. ‘ఎండ ఉంది కదా, కరెంటు పోతే మనకేం’ అని ధీమాగా జనరేటరు అమ్ముకోకండి, దయచేసి.

నీటికాకుల బెడద సరేసరి. తెప్పలు వేసిన వారంలోనే వాటికి అవి ఇష్టమైన మకాములయ్యాయి. రెట్ట పడిన చోట నీడ వల్ల ఉత్పత్తి తగ్గడమే కాదు, ఆ మరక కింద సెల్ వేడెక్కి పాడవుతుంది. నాన్న కొబ్బరి పీచుతో రుద్దబోతే అద్దం గీసుకుపోతుందని ఆపి, పాత పంచె చింపి ఇచ్చాను. ఇప్పుడు మూడు రోజులకోసారి మేత పడవలో వెళ్లి, తవుడు సంచులు కట్టి వస్తూ, ప్యానెళ్లు కూడా తుడిచి వస్తున్నారు. తుడిచాక ఒక్కో నట్టూ చేత్తో తిప్పి చూస్తారు. 1996 నవంబరు తుపాను తర్వాత కోనసీమలో నేలకొరిగిన కొబ్బరి తోటలు చూసి వచ్చిన మనిషి ఆయన.

వచ్చే వానాకాలానికి 10 యూనిట్ల బ్యాటరీ ఒకటి కొందామనుకుంటున్నాం. నాలుగు ఏరియేటర్లకు అది చాలదు, ఒక్కదాన్ని ఆరు గంటలు తిప్పుతుంది. ఏ ఒక్కటి అని అడిగితే నాన్న ఆలోచించకుండా ఆగ్నేయ మూల చూపించారు. ఆ రాత్రి జనరేటరు మీద మొదట తిరిగింది అదే. మిగిలిన చేపలన్నీ ఆ నురుగు చుట్టూ గుమిగూడి ఉండగా తెల్లవారింది.