తెలుపు, గోధుమ, బూడిద: చప్పగా లేకుండా వేసుకోవడం

బీరువా నిండా తెలుపు, మీగడ, గోధుమ, బూడిద రంగులే ఉంటే పొద్దున్నే జత కుదుర్చుకోవడం సులువు. అయినా అద్దంలో ఏదో వెలితి. చాలామంది ఒక ఎర్ర చున్నీ తగిలించి సరిపెడతారు. ముందు నేత చూడండి. పైదీ కిందదీ రెండూ నున్నటి మిల్లు బట్టే అయితే వెలుగు రెండింటి మీదా ఒకేలా పడుతుంది, కన్ను ఎక్కడా ఆగదు.

శ్రీకాకుళం జిల్లా పొందూరు మన విశాఖకి దగ్గరే. అక్కడి ఖాదీ చేత్తో వడికిన నూలు, అందుకే పోగు అన్నిచోట్లా ఒకే లావు ఉండదు. తెల్ల కుర్తాకి అందం తెచ్చేది ఆ హెచ్చుతగ్గులే. కింద నున్నటి బూడిదరంగు ప్యాంటు వేస్తే రెండూ తేలుతాయి. గంజి మాత్రం పల్చగా పెట్టండి, చిక్కగా పెడితే నేత పూత కింద దాగిపోతుంది. చీరైతే సన్నంచు బూడిదరంగు మంగళగిరి నూలు, మీదకి నలుపు తెలుపు ఇకత్ జాకెట్టు. ఇంతకన్నా మంచి జత నాకు తోచదు.

ఎక్కువమంది దెబ్బతినేది ఛాయల దగ్గర. ఒక గోధుమరంగులో పసుపు కలిసి ఉంటుంది, ఇంకోదాంట్లో గులాబీ. రెండూ కలిపి వేస్తే మ్యాచింగ్ తప్పినట్టే కనిపిస్తుంది. నీలం కొట్టే తెలుపు పక్కన మీగడ రంగు మాసినట్టుంటుంది. విశాఖ జగదాంబ సెంటర్ దగ్గర బట్టల కొట్లలో లైట్ల కింద ఇది సరిగ్గా తెలియదు, బట్ట పట్టుకుని గుమ్మం దగ్గరికొచ్చి పగటి వెలుగులో చూడండి. ముదురు లేత తేడాకి ఇంకో పరీక్ష: వేసుకుని ఫోన్లో ఫొటో తీసి బ్లాక్ అండ్ వైట్‌కి మార్చండి. చొక్కా, ప్యాంటు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతే ఏదో ఒకటి మార్చాల్సిందే. పైనుంచి కిందదాకా ఒకే రంగు కావాలనుకుంటే రెండూ ఒకే తానులోంచి కోయించండి.

ఒంటి రంగుకి మరీ దగ్గరగా ఉన్న గోధుమరంగు మెడ దగ్గర వద్దు, ముఖం వాడినట్టు కనిపిస్తుంది. దాన్ని ప్యాంటుకి వాడుకోండి.

విశాఖ ఉక్కపోతలో లేత బూడిద నూలు చొక్కా చంకల దగ్గర చెమట మరకలు ఇట్టే పట్టిచ్చేస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో తెలుపో, బాగా ముదురు రంగో నయం. లినెన్ ఎలాగూ నలుగుతుంది, ఆ ముడతలు దానికి అందమే. చేతికి ఏటికొప్పాక లక్క గాజులు, గోధుమ ఛాయల్లోవి రెండు చాలు.

కాలరు పసుపెక్కితే క్లోరిన్ బ్లీచ్ జోలికి వెళ్లకండి, చెమట మరక ఇంకా పచ్చబడుతుంది. నూలు బట్టలైతే గోరువెచ్చని నీళ్లలో ఆక్సిజన్ బ్లీచ్ పొడి కలిపి, ప్యాకెట్ మీద రాసినంతసేపు నానబెట్టి ఉతకండి. పట్టుకి, ఉన్నికి ఇది పనికిరాదు. వానాకాలానికి లోపల పెట్టేసే బట్టల్లో గంజి పూర్తిగా ఉతికేయాలి, లేకపోతే సముద్రపు తేమకి బూజు మచ్చలు పడతాయి, లేత రంగుల మీంచి అవి ఓ పట్టాన పోవు.