గోలీల లెక్కలో మీ మాట కూడా ఉండాలి

మానసిక జబ్బు ముదిరి దవాఖానలో ఉండి వచ్చిన మనిషిని, తర్వాతి ఓపీలో ఎవరూ నేరుగా అడగరు. డాక్టరు "ఎట్లున్నది?" అంటే వెంట వచ్చిన అన్నో భర్తో ముందే జవాబు చెప్తారు: "మంచిగనే ఉంది సార్, గోలీలకే జర సతాయిస్తది." చీటీ మీద పాత మందులే మళ్లీ పడతాయి. సతాయించడానికి కారణమేంటన్నది ఎవరికీ తెలియదు. చాలాసార్లు ఆ కారణంలోనే డాక్టరుకు కావలసిన సమాచారం ఉంటుంది.

అందుకే లోపలికి పోగానే "సార్, మొదలు రెండు నిమిషాలు నేను ఒక్కదాన్నే మాట్లాడుత" అని అడగండి. తప్పేం లేదు. ఇంటివాళ్లు చూసింది తర్వాత చెప్తారు, అదీ అవసరమే. చేతిలో ఒక కాగితం ఉండాలి. మందు పేరు రాసేటప్పుడు అట్ట మీది కంపెనీ పేరు కాదు, దాని కింద చిన్న అక్షరాల్లో ఉండే అసలు పేరు చూసి రాయండి. ఎన్ని మిల్లీగ్రాములు, ఏ టైముకు, ఏ తేదీన మొదలైంది, తర్వాత ఏం మారింది. "మత్తుగా ఉంటుంది" అంటే డాక్టరుకు అందేది తక్కువ. "ఓలాంజపిన్ 10, రాత్రి 10కి వేస్తే పొద్దున 11 దాకా లేవలేను, పిల్లల్ని బడికి పంపలేకపోతున్న" అంటే మందు ఇంకాస్త ముందు వేసుకోవాలా, మోతాదు తగ్గించాలా, వేరే మందుకు మారాలా అన్న చర్చ అప్పుడే మొదలవుతుంది. ఓలాంజపిన్‌తో ఆకలి, బరువు, షుగరు పెరుగుతాయి కాబట్టి మొదట్లోనే బరువు, నడుము చుట్టుకొలత, పరగడుపు షుగరు, కొలెస్ట్రాల్ చూడమనండి. మూడు నెలలకు మళ్లీ చూడాలి.

అన్నిటికంటే ఎక్కువ పొరపాటు జరిగేది ఒక లక్షణం దగ్గర. సైకోసిస్‌కు, అంటే లేని మాటలు వినబడటం, లేనిపోని అనుమానాలు రావడం లాంటి వాటికి ఇచ్చే హాలోపెరిడాల్, రిస్పెరిడోన్, అరిపిప్రజోల్ లాంటివి మొదలుపెట్టాకో, మోతాదు పెంచాకో, కొందరికి కాళ్లలో కుదురుండదు. కూసుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే నడవాలనిపిస్తుంది, లోపల ఒకటే ఆరాటం. దీన్ని అకథీసియా అంటారు. ఇంట్లో వాళ్లకు అది జబ్బు తిరగబెట్టినట్టు కనబడుతుంది. వాళ్లు అదే చెప్తే మోతాదు ఇంకా పెరుగుతుంది, ఆరాటమూ పెరుగుతుంది. కొందరికి చనిపోవాలన్న ఆలోచన కూడా వస్తుంది. కాబట్టి "ఈ గోలీ పెంచిన మూడో రోజు నుంచి మొదలైంది, అంతకుముందు లేదు" అని తేదీతో సహా చెప్పండి. మోతాదు తగ్గించడం, మందు మార్చడం, ప్రొప్రనొలాల్ చేర్చడం దీనికి దారులు. వణుకుకు ఇచ్చే ట్రైహెక్సీఫెనిడిల్ దీనికి పెద్దగా పనిచేయదు.

మూడ్ అదుపులో ఉండటానికి లిథియం వేసుకునేవాళ్లకు మన ఎండాకాలం వేరే లెక్క. మే నెలలో చెమట పట్టి ఒంట్లో నీరు, ఉప్పు తగ్గితే రక్తంలో లిథియం పెరుగుతుంది. వాంతులు, విరేచనాలైనా అంతే. ఇక్కడ ఊళ్లలో ఒళ్లునొప్పులంటే ఆర్ఎంపీ దగ్గర డైక్లోఫినాక్ సూది వేయించుకుంటారు. అది కూడా లిథియాన్ని పెంచుతుంది. ఐబుప్రోఫెన్, బీపీకి ఇచ్చే టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయజైడ్ కూడా అంతే. సూది పట్టుకున్న మనిషికి "లిథియం వాడుతున్న" అని చెప్పాలి, నొప్పికి పారాసిటమాల్ అడగాలి. ఉప్పు ఒక్కసారిగా మానేయొద్దు. రక్తపరీక్షకు చివరి మోతాదు తర్వాత 12 గంటలకు రక్తం ఇవ్వాలి: రాత్రి 9కి వేసుకుంటే పొద్దున 9కి. పొద్దుటి గోలీ ఉంటే రక్తం ఇచ్చాకే. రక్తంలో లిథియాన్ని మామూలుగా 0.6 నుంచి 0.8 (రిపోర్టులో mEq/L అని ఉంటుంది) మధ్య ఉంచుతారు, అవసరాన్ని బట్టి 1.0 దాకా. చేతులు పెద్దగా వణకడం, నడక తూలడం, మాట ముద్దగా రావడం, వాంతులు కనబడితే తర్వాతి మోతాదు వేయకుండా వెంటనే దవాఖానకు పోవాలి. కిడ్నీ, థైరాయిడ్ పరీక్షలు ఆరు నెలలకోసారి అడిగి చేయించుకోండి.

ఆడవాళ్లకు మూడ్ అదుపుకు ఇచ్చే వాల్‌ప్రోయేట్ రాస్తే, కడుపులో బిడ్డకు దానివల్ల లోపాలు రావచ్చన్న సంగతి, గర్భం రాకుండా జాగ్రత్తల సంగతి ముందే మాట్లాడాలి. రిస్పెరిడోన్‌తో నెలసరి ఆగినా, రొమ్ము నుంచి పాలు వచ్చినా సిగ్గుపడకుండా చెప్పండి.

చెప్పకుండా మానేయడం మాత్రం వద్దు. ఆందోళనకు, నిద్రకు ఇచ్చే క్లోనజెపామ్ చాలా రోజులు వాడి ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు. డిప్రెషన్‌కు ఇచ్చే ఎస్సిటలోప్రామ్ ఒక్కసారిగా ఆపితే తలతిరుగుడు, తలలో షాక్ కొట్టినట్టు ఉండటం. సైకోసిస్ మందులు ఆపిన వారాలకో నెలలకో జబ్బు తిరగబడితే, ఆపినందుకే అని ఎవరికీ తోచదు. "తగ్గించుకోవాలనుంది, ఎట్ల తగ్గిద్దాం?" అని అడగడానికి మీకు పూర్తి హక్కుంది.

ఇంటివాళ్లకు ఒక మాట. చాయలోనో పప్పులోనో గోలీ పొడి చేసి కలపకండి. ఎంత పోయిందో లెక్క ఉండదు, లిథియం లాంటి వాటికి అది ప్రమాదం. తెలిసిన రోజు ఆ మనిషి మీ చేతి అన్నం కూడా నమ్మడు.

చట్టం మీ వైపే ఉంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం జబ్బేంటో, ఏ చికిత్స ఇస్తున్నారో, దాని దుష్ప్రభావాలేంటో తెలుసుకునే హక్కు, మెడికల్ రికార్డులు చూసే హక్కు మీవి. బాగున్నప్పుడే "నాకు ఫలానా మందు పడలేదు, ఫలానాది పడింది" అని అడ్వాన్స్ డైరెక్టివ్ రాసుకోవచ్చు. అత్యవసర చికిత్సకు మాత్రం అది వర్తించదు. మీ తరఫున మాట్లాడే మనిషిని తెల్లకాగితం మీద సంతకంతోనో వేలిముద్రతోనో పెట్టుకోవచ్చు. ఆ మనిషి భర్తో అన్నో కావాలనేం లేదు, నమ్మకమైన స్నేహితురాలైనా సరే.

మీరు అడిగినదానికి డాక్టరు కాదంటే కారణం చీటీ మీద రాయమనండి. అదే చీటీతో వరంగల్ ఎంజీఎంలోనో, హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయంలోనో ఇంకో అభిప్రాయం తీసుకోవచ్చు. రాత్రిపూట మనసు నిలవకపోతే సర్కారు మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు.