పాత ఊఫర్లకి కొత్త రింగులు

రథయాత్ర సందడి అయిపోయింది, వినాయక చవితికి ఇంకా టైముంది. మా పర్లాకిమిడి సౌండ్ మెకానిక్ ఏడాది మొత్తంలో తలెత్తి మాట్లాడేది ఈ రోజుల్లోనే. మిగతా కాలమంతా కాలిపోయిన డీజే బాక్సుల మధ్య మనిషే కనపడడు. అందుకే ఇవాళ సెలవు కలిసిరాగానే నాన్న స్పీకర్లు ఆటోలో వేసుకుని మార్కెట్ వెనక సందులోకి పోయాను.

ఎనభైల్లో నాన్న కలకత్తాలో కొన్న జత ఇది. హౌరా నుంచి మెయిలు రైల్లో తెచ్చి, నౌపడలో అప్పటి నారోగేజ్ చిన్నరైలు ఎక్కించి, ఊరొచ్చేదాకా వాటి పక్కనే కూర్చున్నారట. కింది స్వరాలకి ఎనిమిది అంగుళాల ఊఫరు, పై స్వరాలకి పైన చిన్న ట్వీటరు, మందపాటి చెక్క పెట్టె. ఆయన పోయాక ఎవరూ పెట్టలేదు. మొన్న వైర్లు కలిపి చూస్తే ఒకటి బొంగురుగా గరగరమంది. రెండోదానికి ట్వీటరే పలకలేదు.

గరగరకి కారణం చూడగానే తెలిసిపోయింది. ఊఫరులో ఊగి మోగే పేపరుకీ ఇనప ఫ్రేముకీ మధ్య ఉండే ఫోము రింగు, వేలు తగిలితే చాలు, పొడిపొడిగా రాలిపోతోంది. ఆ ఫోము వాడినా వాడకపోయినా పదిహేను, ఇరవై ఏళ్లకి చివికిపోతుంది. గాలీ తేమా కలిసి దాన్ని తినేస్తాయి. రబ్బరు రింగయితే ఇంకా చాలా కాలం వస్తుంది. మా వైపు వానాకాలం తేమ సంగతి చెప్పేదేముంది, బీరువాలో చెప్పుల బెల్టులకే బూజు పడుతుంది.

"ఏటి మాస్టారూ, మ్యూజియం సామాను తెచ్చారు" అన్నాడు మెకానిక్. ఒడియా ఆయనే గానీ తెలుగు మనకంటే గట్టిగా మాట్లాడతాడు. నేను భాయినా, అంటే అన్నయ్యా అంటాను, వయసులో పెద్దవాడు. పని బరంపురంలో నేర్చుకున్నాడు. పాతపట్నం నుంచి కూడా ఆయన దగ్గరికే డబ్బాలు మోసుకొస్తారు.

ఊఫరు విప్పి, అటూ ఇటూ తిప్పి, తేల్చేశాడు. "పాత పేపరు పీకేద్దాం. కొత్త పేపరు, కొత్త కాయిలు. గుడ్డ ఎడ్జి వేస్తాను, జన్మకి చిరగదు. మోత కూడా పెరుగుద్ది."

ఎడ్జి అంటే ఆ రింగే. ఇక్కడే ఆపాలి. ఆయన చేతిలో లోపం లేదు. పేపరుని కదిలించే కాయిలు కోసం సన్నటి రాగి తీగని ఫార్మరు అనే చిన్న గొట్టం మీద ఆయన చుడుతుంటే చూడాల్సిందే. కానీ రాత్రంతా ఊరేగింపులో మోగే పదిహేను అంగుళాల స్పీకర్లకి కావలసింది గట్టిదనం. నావాటికి కావలసింది మెత్తదనం. ఈ పెట్టెకి వెనకా ముందూ కన్నం లేదు, మొత్తం మూసేసిందే. లోపల బందీ అయిన గాలే స్ప్రింగులా పనిచేసి పేపరుని వెనక్కి తోస్తుంది. అందుకే కంపెనీ వాళ్లు రింగుని అంత పల్చగా, వదులుగా పెట్టారు. బిగుసైన గుడ్డ ఎడ్జి వేస్తే పేపరు ఊగదు, కింది స్వరాలు పోతాయి. మృదంగం ఎడమవైపు మూగబోయినట్టుంటుంది. మోత పెరిగితే ఏం లాభం?

కాయిలు కూడా మార్చక్కర్లేదని మీటరు పెట్టించాను. ఓము అంటే కరెంటుకి ఎంత అడ్డో చెప్పే కొలత. ఎనిమిది ఓముల స్పీకరు మీటరులో ఆరు దగ్గర చూపిస్తే బాగున్నట్టే. 6.2 వచ్చింది. ఇలా బతికున్న కాయిలు పీకి, చేతికందిన తీగ చుట్టి, నాలుగు ఓములు చేసి ఇస్తే ఆ వేడి భరించాల్సింది ఆంప్లిఫయరే. ఇది ఆయనకీ తెలుసు. "హౌ, హౌ" (సరే, సరే) అని నేను ఆన్‌లైన్లో తెప్పించిన ఫోము రింగులు చేతిలోకి తీసుకున్నాడు. ఒకటే ఊఫరు గరగరలాడుతున్నా రెండింటికీ మార్చమన్నాను. జతలో ఒకటి కొత్తదీ ఒకటి పాతదీ అయితే పాట ఒక పక్కకి ఒరుగుతుంది.

ఒప్పుకున్నాక ఆయన పని చూస్తూ కూర్చోవడమే నాకు ఇవాళ్టి పండగ. పాత ఫోము, జిగురూ కలిసి తారులా తయారైంది. స్పిరిట్ అద్దిన గుడ్డతో ఓపిగ్గా తుడిచాడు, గట్టిగా గీకితే పేపరు చిరుగుతుంది. నడుమనున్న టోపీని బ్లేడుతో చుట్టూ కోసి తీశాడు. కింద కాయిలు, దాని మధ్యలో అయస్కాంతం దిమ్మ. రెండింటికీ మధ్య ఉండే సందు వెంట్రుక మందం కంటే కాస్త ఎక్కువ, అంతే. పేపరు ఏ మాత్రం ఒక వైపు జరిగి అతుక్కున్నా కాయిలు దిమ్మకి రాసుకుంటుంది, మళ్లీ గరగరే. అందుకని పాత ఎక్స్‌రే ఫిల్ముని సన్నటి ముక్కలుగా కత్తిరించి నాలుగు దిక్కులా ఆ సందులో దోపాడు. ఎవరి ఎముకలో పాపం, నాన్న ఊఫరుని నిటారుగా నిలబెట్టాయి. రింగుని ముందు పేపరుకి, అది ఆరాక ఫ్రేముకి అంటించాడు. వేళ్లతో మెల్లగా కిందకీ పైకీ ఆడిస్తూ చెవి దగ్గర పెట్టి విన్నాడు.

జిగురు ఆరేలోపు ట్వీటరు పట్టాడు. మీటరులో బాగానే ఉంది, అంటే జబ్బు దానికి పై స్వరాలనే వదిలే కండెన్సరుది. ఇన్నేళ్లకి లోపల ఎండిపోయి ఉంటుంది. కావలసింది ప్లస్సూ మైనస్సూ లేని 4.7 మైక్రోఫారడ్‌ది, షాపులో లేదు. అలాంటివి కలకత్తా చాందినీ మార్కెట్ నుంచి తెప్పించాలన్నాడు. మామూలు పది మైక్రోఫారడ్‌వి రెండు తీసి, మైనస్‌కి మైనస్ కలిపి అతికాడు. అలా కలిపితే విలువ సగమై ఐదు అవుతుంది, ప్లస్సూ మైనస్సూ గొడవ ఉండదు. పలికింది. ఎప్పటికీ ఇలాగే వదలను, ఎండిపోని రకం, ఫిల్ము కండెన్సర్లు రెండు తెప్పించి అటూ ఇటూ వేయిస్తాను. ఈలోపు వినడానికి లోటు లేదు.

చివరికి ఒకటిన్నర వోల్టుల సెల్లు ఒక్క క్షణం తగిలించి చూశాం. ప్లస్సుకి ప్లస్ పెడితే రెండు ఊఫర్లూ బయటికే కదిలాయి, వైర్లు తిరగబడలేదు. ఆయన ముందు తన ఫోనులోంచి ఊరేగింపు పాట పెట్టాడు. "మోత తక్కువే మాస్టారూ" అన్నాడు. నేను వీణ పెట్టించాను. కాసేపు విని, "తీగ మీద వేలు జారింది కూడా తెలుస్తోందే" అన్నాడు. అంత మాట అన్నవాడు మరుక్షణం "ఇంకో జత మాగ్నెట్టు పైన వేస్తే" అని మొదలుపెట్టాడు. నవ్వి డబ్బులిచ్చాను. మొత్తం ఆరు వందలు, రింగులు నావే కాబట్టి.

వస్తుంటే ఆంప్లిఫయరు కూడా తెమ్మన్నాడు, లోపల పెద్ద ట్రాన్సిస్టర్లు వేసి ఇస్తాడట. దానికున్న జబ్బల్లా వాల్యూమ్ తిప్పేటప్పుడు వచ్చే చిటపట. క్లీనర్ స్ప్రే నేనే కొట్టుకుంటాను. అది మాత్రం ఆ సందులోకి పంపను.